వాడ ముచ్చట్లు – 17: కొట్టమన్నదెవరు? కొట్టొద్దన్నదెవరు?



సంగీతానికి కులం లేదన్న మాట ఈ మధ్య చాలామంది నోట వింటున్నాను. టీవీ పాటల పోటీల్లో జడ్జీలు అంటారు, సన్మాన సభల్లో మంత్రులు అంటారు, మనవాళ్లు కూడా కొందరు తల ఊపుతారు. సరిగమలకు కులం లేదు, ఒప్పుకుంటాను. నీళ్లకు కూడా కులం లేదు. కానీ బావికి ఉంది కదా! చేద ఎవరు వెయ్యాలి, దూరంగా నిలబడి దోసిలి ఎవరు పట్టాలి అన్న దగ్గర నీళ్లకు కులం వచ్చింది. పాట సంగతి కూడా అదే. ఎవరు కొట్టాలి, ఎవరింటి ముందు కొట్టాలి, ఏ బజారుకు రాగానే ఆపెయ్యాలి అన్న దగ్గర రాగానికీ తాళానికీ కులం వస్తుంది. ఈ వారం ఆ సంగతే మాట్లాడుకుందాం. కొంచెం పొడుగు రాత. ఓపిక చేసుకుని చదవండి.

ముందు రెండు పాత జాబితాలు మీ ముందు పెడతాను.

మొదటిది 1928 నాటిది. ఇండోర్ సంస్థానంలో కనారియా, బిచోలీ హఫ్సీ, బిచోలీ మర్దానా, ఇంకో పదిహేను దాకా ఊళ్లు. అక్కడి అగ్రకులాల వాళ్లు, పటేళ్లు, పట్వారీలు కలిసి బలాయీ కులస్థులకు కొన్ని షరతులు పెట్టారు. మా మధ్య బతకాలంటే ఇవి పాటించాలన్నారు. బలాయీలు జరీ అంచు తలపాగా కట్టకూడదు. వాళ్ల ఆడవాళ్లు వెండి బంగారాలు పెట్టుకోకూడదు. హిందువుల ఇంట్లో ఎవరన్నా చనిపోతే, చుట్టాలు ఎంత దూరాన ఉన్నా బలాయీలే పోయి కబురు చెప్పాలి. హిందువుల పెళ్లిళ్లలో ఊరేగింపు ముందు వాయిద్యాలు వాయించాలి. కూలి అడగకూడదు, ఇచ్చింది తీసుకోవాలి. ఇష్టం లేకపోతే ఊరు ఖాళీ చెయ్యాలి. ఆ ఏడాది జనవరిలో టైమ్స్ ఆఫ్ ఇండియాలో వచ్చిన ఈ వార్తను బాబాసాహెబ్ 1936లో ‘కుల నిర్మూలన’లో ఎత్తి రాశారు. బలాయీలు ఒప్పుకోలేదు. అప్పుడేమైంది? ఊరి బావి నీళ్లు బంద్. పశువుల మేత బంద్. పొలాల గట్ల మీద నడక బంద్.

రెండోది 1931 నాటిది. మద్రాసు రాష్ట్రంలో రామనాథపురం జిల్లా. అక్కడ కళ్లర్ కులస్థులు ఆది ద్రావిడుల మీద అంతకు ముందు ఏడాదే ఎనిమిది నిషేధాలు పెట్టారు. తర్వాత వాటిని పదకొండు చేశారు. గొడుగు వద్దు, చెప్పులు వద్దు అన్నవి మనకు తెలిసినవే. ఈ పదకొండులో ఒకటి, ఆది ద్రావిడులు తమ పెళ్లిళ్లకు మేళం పెట్టుకోకూడదు అని. ఇంకొకటి, పెళ్లికొడుకు గుర్రమెక్కి ఊరేగకూడదు, ఇంటి తలుపునే పల్లకీ చేసుకోవాలి అని. హట్టన్ అనే తెల్లదొర కులం మీద రాసిన పుస్తకంలో ఈ జాబితా ఉంది.

రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇండోర్‌లో వాయించకపోతే తప్పు. రామనాథపురంలో వాయిస్తే తప్పు. వాళ్ల పెళ్లికి మన చెయ్యి ఆడాలి, మన పెళ్లికి ఆగాలి. మధ్యలో వెయ్యి మైళ్ల దూరం, భాష వేరు, కులాల పేర్లు వేరు. అయినా రెండు చోట్లా పెత్తనం వచ్చి పట్టుకున్నది వాయిద్యాన్నే. ఎందుకంటే కళ్లకు అడ్డంగా గోడ కట్టవచ్చు గానీ చెవులకు కట్టలేరు. మనిషిని వాడలో ఆపవచ్చు, అతని డప్పు సప్పుడును వాడలో ఆపలేరు. అది పెద్ద బజారు దాటి గడీ లోపలికి పోతుంది. అందుకే ఆ సప్పుడు తమ చెప్పుచేతల్లో ఉండాలని వాళ్లకు అంత పట్టుదల.

ఇక మా ఊరికి వస్తాను. నల్లగొండ జిల్లాలో ఒక ఊరు. పేరు రాయను, మనుషుల పేర్లూ రాయను.

మా తాత డప్పు కొట్టేవాడు. చట్రానికి తోలు బిగించి, చింతగింజల జిగురుతో అంటించి, ఎండబెట్టి, తన డప్పు తానే చేసుకునేవాడు. కొట్టే ముందు గడ్డి మంట వేసి కాచేవాడు. కాచిన కొద్దీ తోలు బిగిసి గొంతు లేస్తుంది. కుడి చేతిలో సిర్ర, ఎడమ చేతిలో సిటికెన పుల్ల. చావుకు ఒక దెబ్బ, పెళ్లికి ఒక దెబ్బ, బోనాలకు ఒకటి, చాటింపుకు ఒకటి. ఇంట్లో పొయ్యి ముందు కూర్చున్న ఆడవాళ్లు కూడా దెబ్బ విని ఊర్లో ఏం జరిగిందో చెప్పేవాళ్లు. ఫోన్లు లేని కాలంలో ఊరికి డప్పే ఫోను, డప్పే పేపరు.

ఇక్కడిదాకా చెబితే అందరికీ మురిపెంగా ఉంటుంది. జానపద కళ మీద వ్యాసాలు సాధారణంగా ఇక్కడే ఆగిపోతాయి కూడా. ఆ తర్వాతి సంగతి వినండి.

దొర ఇంట్లో చావైతే తాతకు కబురు వచ్చేది. కబురంటే పిలుపు కాదు, హుకుం. చేతిలో ముద్ద ఉంటే ముద్ద వదిలి లేవాలి. రాత్రంతా కొట్టాలి. తెల్లారి శవం ముందు నడుస్తూ కొట్టాలి. కొడుకులకు ఏడుపు రాకపోయినా ఏడుపు వచ్చేటట్టు కొట్టాలి. అందరూ తిన్నాక బయట ఆకు వేస్తే తినాలి. కూలి అని ఒకటి లేదు. పెట్టినప్పుడు కుంచెడు వడ్లు, పోసినప్పుడు ఇంత కల్లు. మా నాయినమ్మ చచ్చిపోయిన రోజు కూడా పటేల్ ఇంట్లో ఏదో శుభకార్యం ఉంటే తాత పోయి కొట్టి వచ్చాడని మా నాయిన చెప్పేవాడు. ఇంట్లో శవం ఉంది. మనిషి ఇంకొకరి వాకిట్లో పెళ్లి దెబ్బ కొడుతున్నాడు.

చాటింపు ఇంకొక రకం. పన్ను కట్టమని, చెరువు పనికి రమ్మని, ఫలానా వాళ్లతో ఎవరూ మాట్లాడొద్దని పెద్దలు కచేరీలో నిర్ణయం చేసేవాళ్లు. నాలుగు బజార్లలో అరిచి చెప్పేది మాత్రం తాత. జనం తిట్టుకునేది కూడా తాతనే. హుకుం వాళ్లది, గొంతు మనది. తిట్లు మన ఖాతాలో, భయం వాళ్ల ఖాతాలో. ఊర్లో అధికారం కళ్లకు కనిపించదు, చెవులకు వినిపిస్తుంది. వినిపించే పని మన చేత చేయించారు.

తాళం మనిషిని ఎట్లా పట్టుకుంటుందో ఒక అమెరికా చరిత్రకారుడు రాశాడు. విలియం మెక్‌నీల్ అని, 1995లో ‘కీపింగ్ టుగెదర్ ఇన్ టైమ్’ అనే పుస్తకం. 1941లో సైన్యంలోకి తీసుకున్నప్పుడు టెక్సాస్ ఎండలో గంటల తరబడి అందరితో కలిసి అడుగులు వేయించారట. నేర్పడానికి సరిపడా ఆయుధాలు లేవు, అర్థం లేని పని. అయినా అందరి కాళ్లు ఒక్కసారి పడుతుంటే లోపల ఏదో పొంగు, తాను పెద్దవాడైపోయినట్టు అనిపించిందట. సైన్యాలకు కవాతు ఎందుకు అవసరమో ఆయన అక్కడి నుంచి లాగుతూ పోయాడు. ఆ మాట చదివినప్పుడు నాకు మా అవ్వ గుర్తొచ్చింది. అంటే మా అమ్మ. నాట్ల కాలంలో పొద్దు వంగి ఆడవాళ్ల నడుములు విరుగుతుంటే గట్టు మీది పెద్దమనిషి, “పాట ఎత్తుర్రే!” అని కేకేసేవాడు. పాట ఎత్తితే చేతులు కలుస్తాయి, మడి తొందరగా తెగుతుంది. కూలి మాత్రం అంతే. ఆయన పాట మీద ప్రేమతో ఎత్తమనలేదు. కానీ మా అవ్వా వాళ్లూ ఊరికే పాడలేదు. ఆయన పిసినారితనాన్ని, మాపు కొలతలో ఆయన చేసే మోసాన్ని ఏదో అత్తాకోడళ్ల కథలో పెట్టి ఆయన ముందే పాడి నవ్వుకునేవాళ్లు. నడుము ఆయన చెప్పినట్టు వంగింది. నాలుక వంగలేదు.

పాట రెండు పక్కలా లాగుతుందని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఏ పక్క లాగుతుందో తేలేది రాగంలో కాదు. ఎవరు ఎత్తమన్నారు, కాదంటే ఏమవుతుంది అన్న చోట తేలుతుంది.

కాదంటే ఏమవుతుందో మా వాడ 1986 ఎండాకాలంలో చూసింది.

అంతకు ముందు ఏడాది జూలై 17న కారంచేడు జరిగింది. ఆ తర్వాత దళిత మహాసభ పుట్టింది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం గార్ల పేర్లు, వాళ్ల మాటలు మా దాకా వచ్చాయి. పాటల క్యాసెట్లు కూడా వచ్చాయి. వాడలో ఒక్కటే టేప్‌రికార్డర్. దాని చుట్టూ ఇరవై మంది. మా నాయిన అప్పటికి ముప్పయ్యేళ్ల మనిషి. ఆ ఎండాకాలంలో ఊరి పెద్ద ఒకాయన తల్లి చనిపోయింది. కబురు వచ్చింది. నాయిన, ఇంకో ఏడుగురు కూర్చుని మాట్లాడుకుని, కూలి ముందు మాట్లాడితేనే వస్తామని చెప్పి పంపారు. అంతే. రామని కూడా అనలేదు. “పైసలు మాట్లాడుర్రి, వస్తం” అన్నారు.

మూడో రోజుకల్లా కిరాణా దుకాణంలో ఉప్పు ఇవ్వలేదు. మంగలి రాలేదు. పాలు పొయ్యలేదు. పొలం పనులకు పిలవలేదు. వాడ గొడ్లు పొలిమేరలోకి పోవద్దన్నారు. నలబై రోజులు. తర్వాత పదేళ్లకు బలాయీల కథ చదివినప్పుడు నా చేతులు వణికాయి. యాభై ఎనిమిదేళ్ల తేడా, అదే జాబితా.

అన్నిటికంటే నన్ను ఇప్పటికీ నిద్రపోనియ్యనిది ఒకటుంది. మమ్మల్ని వెలివేసినట్టు ఊరంతా డప్పు కొట్టి చాటించారు. మా తాత కొట్టడు కదా. పక్క ఊరి మాదిగాయనను పిలిపించారు. ఆయన నాలుగు బజార్లలో కొట్టి, వాళ్లు చెప్పమన్నది చెప్పి పోయాడు. ఆ రాత్రి చీకటి పడ్డాక మా ఇంటికి వచ్చాడు. మంచినీళ్లు తాగి, చాలాసేపు ఏం మాట్లాడలేదు. చివరికి మా నాయినతో, “తమ్మీ, నేను కొట్టకపోతే మా వాడ మీద పడుదురు” అన్నాడు. నాయిన ఆయన్ను ఒక్క మాట అనలేదు. నాకప్పుడు పదేళ్లు. మమ్మల్ని వెలివేసిన సప్పుడు మా చుట్టం చేతిదే అని నాకు ఆ రోజు అర్థమైంది.

ఈ సప్పుడుకు బలైన ఆడవాళ్ల సంగతి చెప్పకుండా పోతే ఈ రాత అబద్ధమవుతుంది. జోగినులు. దేవతకు ఇచ్చామన్న పేరుతో మన ఇళ్లలో నుంచి తీసుకున్న ఆడపిల్లలు. జాతరలో ఆడాలి. ఊరి పెద్దలు చస్తే శవం ముందు ఆడాలి. కొట్టేది మన మగవాళ్లు, ఆడేది మన ఆడవాళ్లు, చూసేది ఊరు. అన్న కొడుతుంటే చెల్లెలు ఆడిన చోట్లు ఉన్నాయి. దాన్ని భక్తి అన్నారు, ఆచారం అన్నారు. 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ ఆచారాన్ని నేరం చేస్తూ చట్టం తెచ్చింది. 2015లో సవరించిన ఎస్సీ ఎస్టీ అత్యాచార నిరోధక చట్టంలో కూడా ఎస్సీ ఎస్టీ ఆడవాళ్లను దేవతకు అర్పించడం నేరమని రాశారు. ఆచారానికి అంత బలం ఉంటే రెండు చట్టాలు ఎందుకు కావలసి వచ్చాయి? దాన్ని నిలబెట్టింది భక్తి కాదు, భయం.

ఇది పల్లెటూరి సంగతి, పట్నంలో శాస్త్రీయ సంగీతం వేరు కదా అనేవాళ్లకు ఒక ముచ్చట. కర్ణాటక సంగీత కచేరీలో త్యాగరాజ కీర్తనలు తెలుగులోనే పాడతారు. మన భాషే. ఆ పాట పక్కన మృదంగం మోగుతుంది. ఆ మృదంగానికి ఆవు తోలు, గేదె తోలు, మేక తోలు మూడూ కావాలి. ఆ తోళ్లు తెచ్చి, గీకి, కోసి, బిగించేవాళ్లు ఎవరు? టి.ఎం. కృష్ణ అనే గాయకుడు 2020లో ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ అనే పుస్తకం రాశాడు. తంజావూరు, చెన్నై వైపు ఆ పని చేసేవాళ్లలో ఎక్కువమంది దళిత క్రైస్తవులు. విద్వాంసుడి పేరు సభ మీద, తయారు చేసినవాడు సభ బయట. ఆ పుస్తకం విడుదలకు చెన్నై కళాక్షేత్ర ముందు హాలు ఇస్తామని, తర్వాత ఇవ్వమంది. మృదంగం లోపలికి పోవచ్చు, మృదంగం ఎవరు చేశారన్న మాట లోపలికి పోకూడదు. డప్పు తోలు అంటు, మృదంగం తోలు పవిత్రం. తోలు ఒలిచిన చెయ్యి ఒకటే.

సర్కారు కూడా పాట మీద పెత్తనం చెయ్యబోయి భంగపడ్డ సందర్భం ఒకటుంది. 1952లో సమాచార మంత్రి బి.వి. కేస్కర్‌కు సినిమా పాటలు జనాన్ని చెడగొడుతున్నాయని అనిపించింది. ఆకాశవాణిలో వాటిని తగ్గించి శాస్త్రీయ సంగీతం పెంచారు. జనం ఏం చేశారు? రేడియో మర తిప్పి సిలోన్ పెట్టుకున్నారు. చివరికి 1957 అక్టోబరు 3న వివిధ భారతి పెట్టి సినిమా పాటలను సర్కారే వెనక్కి తెచ్చుకోవలసి వచ్చింది. ఒక కేంద్రమంత్రి చెయ్యలేని పని మా ఊరి పటేల్ ఎట్లా చెయ్యగలిగాడు? తేడా ఒక్కటే. రేడియో ముందు కూర్చున్న మనిషి చేతిలో మర ఉంది. మా తాత చేతిలో మర లేదు. ఉప్పు దుకాణం, పొలం, బావి అన్నీ కొట్టమన్నవాడి చేతిలోనే ఉన్నాయి.

మరి మనవాళ్లు ఊరికే ఉన్నారా? లేరు. పెత్తనం ఏ దారిన వచ్చిందో ఆ దారినే తిరిగి పోయారు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, హరికథలు చెప్పించి వాడలను పోగు చేశాడు. చదువు రాని జనానికి పుస్తకం కంటే కథ ముందు అందుతుందని ఆయనకు తెలుసు. జోగిని ఆచారం మీద మొదట లేచిన గొంతుల్లో ఆయనదీ ఒకటి. అటు కోస్తాలో గరిమెళ్ల సత్యనారాయణ తెల్లదొరతనం వద్దని పాట కడితే తెల్ల సర్కారు ఆయన్ను జైలుకు పంపింది. ఆ పాట ఊరూరా మోగుతున్న కాలంలోనే రాజమండ్రి కుసుమ ధర్మన్న ‘మాకొద్దీ నల్ల దొరతనం’ అని కట్టాడు. దేశమంతా ఒక్క గొంతుతో పాడుతున్నప్పుడు, ఆ గొంతులో మా గొంతు ఎక్కడుందని పాటతోనే అడిగాడు.

తర్వాత 1972లో జననాట్యమండలి. గద్దర్ గొంగడి భుజాన వేసి కాలు తొక్కితే లక్షల మంది కాళ్లు కదిలాయి. పాటకు ఎంత బలం లేకపోతే 1997 ఏప్రిల్ 6న పాటగాడి ఒంట్లోకి తూటాలు దింపుతారు! ఆపైన 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా మొదలైంది. ఆ పేరు ఒక్కసారి ఆలోచించండి. దండోరా అంటే చాటింపు. తరతరాలుగా వాళ్ల హుకుం చాటిన డప్పును తీసుకుని మన హక్కు చాటారు. ఏ పేరు పెట్టి తిట్టారో ఆ పేరును మంద కృష్ణ మాదిగ, ఇంకా వేలమంది తమ పేరు చివర పెట్టుకున్నారు. ముప్పయ్యేళ్ల తర్వాత 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు దారి ఇచ్చింది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో అది అమల్లోకి వచ్చింది. మాల మిత్రులు కొందరికి దాని మీద వేరే అభిప్రాయం ఉంది, దాని గురించి ఇంకోసారి కూర్చుని మాట్లాడుకుందాం. ఇక్కడ నేను చెప్పేది డప్పు గురించి. కొట్టింది అదే డప్పు, అదే దెబ్బ. కొట్టమన్నది మాత్రం మనమే.

అయితే మనం మురిసిపోయి కూర్చునే కాలం కాదిది. పాట బలం మనకు తెలిసినట్టే పార్టీలకూ తెలుసు. 2002లో కామారెడ్డిలో ధూంధాం మొదలైనప్పటి నుంచి తెలంగాణ వచ్చేదాకా ఊరూరా ఆడి పాడింది ఎక్కువగా మన పిల్లలే. రాష్ట్రం వచ్చింది. కొందరికి పదవులు, కొందరికి సాంస్కృతిక సారథిలో కొలువులు వచ్చాయి. తప్పు లేదు, బతకాలి. కానీ కొలువు వచ్చిన గొంతు ఇయ్యాల ఏ పథకం మీద పాడమంటే దాని మీద పాడాలి. ఎన్నికలప్పుడు వాడకు వచ్చే ప్రచార బండిని చూడండి. మన దరువు, మన యాస, మన బాణీ. పొగిడేది ఎవరినో. దరువు వినగానే మన కాలు మనల్ని అడగకుండా లేస్తుంది. లేచిన కాలు ఎటు నడుస్తుందో చూసుకోవలసిన పని మాత్రం మనదే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, వచ్చే నెల మా ఊర్లో ముత్యాలమ్మ జాతర ఉంది. ఆనవాయితీ ప్రకారం వాడ నుంచి పది డప్పులు రావాలని కబురు పెట్టారు. ఇప్పుడు దొర లేడు, గడీ లేదు. కమిటీ ఉంది, వాట్సాప్ గ్రూపు ఉంది. మాట కూడా మెత్తగానే ఉంది. “మీరు లేకుంటే జాతర ఎట్లయితది” అంటున్నారు. కూలి సంగతి ఎవరూ ఎత్తడం లేదు. పోయిన ఏప్రిల్ 14న మన పిల్లలు అంబేద్కర్ జయంతికి పెద్ద బజారు మీదుగా ఊరేగింపు తీస్తామంటే మాత్రం ఇదే కమిటీ శాంతిభద్రతలు అంది. పోలీసులు వచ్చి దారి మార్చారు. 2000 సంవత్సరపు శబ్ద నియంత్రణ నిబంధనలు మాకు చదివి వినిపించారు, రాత్రి పది దాటితే మైకు వద్దని. అప్పుడు సాయంత్రం ఆరున్నర! పది గంటల నిబంధన మంచిదే, ముసలివాళ్లు, పసిపిల్లలు నిద్రపోవాలి. గుడి మైకైనా, మన వాడ చర్చి మైకైనా, డీజే అయినా అందరికీ ఒకటే ఉండాలి. పొద్దుపోకముందే మాకొక్కరికే గుర్తు రావడమే నా బాధ.

కాబట్టి చూడండి. జాతరకు కొట్టకపోతే తప్పు. జయంతికి పెద్ద బజారులో కొడితే తప్పు. ఇండోర్ జాబితా, రామనాథపురం జాబితా రెండూ కలిపి మా ఊర్లో ఒక్క ఏడాదిలో చూస్తున్నాం. ఇది మా ఊరి గోల మాత్రమే కాదు. ఉత్తరప్రదేశ్ కాస్‌గంజ్ జిల్లా నిజాంపూర్‌లో 2018లో ఒక దళిత పెళ్లికొడుకు ఠాకూర్ల వాడ మీదుగా ఊరేగింపు తీసుకుపోవడానికి నెలల తరబడి అధికారుల చుట్టూ, కోర్టు చుట్టూ తిరిగి, చివరికి పోలీసు పహారా మధ్య పెళ్లి చేసుకోవలసి వచ్చింది.

వాడలో దీని మీద రెండు మాటలు ఉన్నాయి. మా తమ్ముని కొడుకు డిగ్రీ చదివాడు, ఉద్యోగం రాలేదు. పదిమందితో డప్పు బృందం పెట్టాడు. పట్నంలో పెళ్లిళ్లకు, షాపుల ఓపెనింగులకు పోతాడు. కూలి ముందే మాట్లాడుకుంటాడు, సగం ఫోన్లో వేయించుకుంటాడు. వాడు నన్ను అడిగాడు. “పెద్దనాయినా, డప్పు కొట్టుడు వెట్టి అని మీరు ఇడిసిపెట్టిన్రు. నేను దాంతోనే బువ్వ తింటున్న. నేను తప్పు జేస్తున్ననా?” నేను చెప్పింది ఇది. “బిడ్డా, నీకు రేటు నచ్చకపోతే రానని చెప్తవు. రానంటే నీ ఇంటికి ఉప్పు బంద్ గాదు. నీది వెట్టి ఎట్లయితది?” కాదనగలిగితే అది కళ. కాదనలేకపోతే ఎంత బాగా కొట్టినా వెట్టే. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. అందులో వాయిద్యాలకు మినహాయింపు లేదు.

రెండో మాట ముసలివాళ్లది. “ఊరితోని ఎందుకురా లొల్లి, ఒక్క రోజు కొట్టొస్తే పోయేదేముంది” అంటారు. వాళ్ల మాటను నేను తీసిపారెయ్యను. 1986 నలబై రోజులు ఆకలి చూసినవాళ్లు వాళ్లు. ఆంధ్రలో డప్పు కళాకారులకు నెలకు 4000 రూపాయల పింఛను ఇస్తున్నారు, మనకు అదీ లేదాయె అని కూడా అంటారు. పింఛను అడగాలి, అడుగుదాం. కానీ పింఛను వస్తే కూడా అది మన చెమటకు సర్కారు ఇచ్చేది. ఊరికి ఊరికే కొట్టాలన్న రాత అందులో లేదు.

పోయిన ఆదివారం సంఘం బిల్డింగులో కూర్చుని మూడు షరతులు రాసుకున్నాం. ఒకటి, పది డప్పులకు కూలి ముందే మాట్లాడి కాగితం రాయాలి. రెండు, జాతర ఊరేగింపు వాడలోకి కూడా రావాలి, మా ఆడవాళ్ల బోనం అందరి బోనాల వరసలో నడవాలి, వెనక కాదు. మూడు, వచ్చే ఏప్రిల్ 14న మా డప్పులు పెద్ద బజారు మీదుగా పోతాయి, దానికి కమిటీ సంతకం పెట్టాలి. ఈ మూడూ ఒప్పుకుంటే ఆ రోజు మా పిల్లలు కొట్టే దెబ్బకు ముత్యాలమ్మ గుడి దద్దరిల్లాలి. ఒప్పుకోకపోతే డప్పు మేకుకే ఉంటుంది.

ఒప్పుకోకపోతే వాళ్లు ఏం చేస్తారో మాకు తెలుసు. పక్క ఊరి డప్పులను పిలుస్తారు. 1986లో మేము ఓడింది అక్కడే. అందుకే మూడు ఆదివారాలుగా నేను, మా తమ్ముని కొడుకు బండి మీద చుట్టుపక్కల ఏడు ఊళ్ల వాడలు తిరుగుతున్నాం. అక్కడి బృందాలతో కూర్చుని ఒక్కటే మాట అడుగుతున్నాం. “మేం రామంటే మీరు రావద్దు. రేపు మీరు రామంటే మేం రాం.” ఐదు వాడలు సరే అన్నాయి. రెండు వాడలు వారం టైం అడిగాయి. అందులో ఒకటి, ఆ రోజు రాత్రి చీకట్లో మా ఇంటికి వచ్చి మంచినీళ్లు తాగిపోయిన ఆయన ఊరు. ఆయన లేడు. ఆయన మనుమడు బృందం నడుపుతున్నాడు. వాడికి ఆ ముచ్చట తెలియదు. ఈ ఆదివారం పోయి చెప్పాలి.

ఈ రాత చదివే డప్పు కళాకారులు, బృందాల పిల్లలు మీ మీ ఊళ్లలో కూడా ఈ మాట మాట్లాడుకోండి. కూలి ఎంత అన్నది తర్వాత తేల్చుకోవచ్చు. రామని చెప్పినప్పుడు పక్క వాడ మన వెనక ఉంటుందా లేదా అన్నది ముందు తేల్చుకోవాలి.

జాతర అయ్యాక ఏం జరిగిందో 18వ భాగంలో రాస్తాను.

జై భీమ్.